ఇంట్లో వై-ఫై లేకుండా ఫోన్‌ను టీవీకి కలపడం: ఏ దారి ఎంతవరకు పనికొస్తుంది

అద్దె గదుల్లో, హాస్టళ్లలో, డిష్ యాంటెన్నా తప్ప బ్రాడ్‌బ్యాండ్ తీగ చేరని ఊళ్లలో ఒకే చిత్రం కనబడుతుంది. గోడ మీద స్మార్ట్ టీవీ ఉంటుంది, చేతిలో స్మార్ట్‌ఫోన్ ఉంటుంది, రెంటినీ కలిపే రూటర్ మాత్రం ఉండదు. పెళ్లి వీడియో అయినా, పిల్లల ఆన్‌లైన్ క్లాసు అయినా, క్రికెట్ మ్యాచ్ అయినా పెద్ద తెర మీద చూడాలని అడిగితే “ముందు వై-ఫై పెట్టించుకోండి” అనే జవాబే ఎక్కువగా వస్తుంది. అందులో నిజం సగమే.

వై-ఫై, ఇంటర్నెట్ ఒకటేననుకోవడం దగ్గరే ఈ చిక్కు మొదలవుతుంది. వై-ఫై అంటే దగ్గర్లో ఉన్న రెండు పరికరాలు తీగ లేకుండా మాట్లాడుకునే పద్ధతి, అంతే. దాని గుండా ఇంటర్నెట్ రావచ్చు, రాకపోవచ్చు. ఫోన్, టీవీ నేరుగా ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడానికి మధ్యలో రూటర్ అవసరమే లేదు. కాబట్టి ముందు తేల్చుకోవాల్సింది వీడియోను తెచ్చేది ఎవరన్నది. ఫోనే తెచ్చి తన తెరను టీవీకి పంపుతుందా? ఫోన్ అడ్రసు చెబితే టీవీయే ఇంటర్నెట్ నుంచి తెచ్చుకుంటుందా? లేక ఫైలే టీవీ దగ్గరికి వెళ్తుందా? ఈ మూడింటికీ కావలసినవి వేరు, చెడిపోయే తీరూ వేరు.

తీగ: అన్నిటికంటే నమ్మకమైన దారి

ఫోన్‌లో సదుపాయం ఉంటే హెచ్‌డీఎంఐ తీగను మించింది లేదు. ఆలస్యం ఉండదు, బొమ్మ మధ్యలో తెగదు, పక్కింటి వై-ఫై అడ్డం రాదు. అయితే అన్ని ఫోన్ల నుంచీ బొమ్మ బయటికి రాదు. “టైప్-సీ అయితే చాలు, ఏ ఫోన్‌కైనా పనిచేస్తుంది” అని అమ్మిన అడాప్టర్ ఇంటికి తెచ్చాక పనిచేయకపోతే, లోపం చాలాసార్లు అడాప్టర్‌లో ఉండదు. ఆ ఫోన్‌లోనే దారి లేదన్నమాట.

టైప్-సీ పోర్టులో 24 పిన్నులుంటాయి. ఛార్జింగ్‌కూ, మామూలు ఫైళ్ల బదిలీకీ వాటిలో కొన్ని చాలు. యూఎస్‌బీ 2.0 డేటా నడిచేది ఒక్క జత తీగల మీదే. వీడియో వెళ్లేది వేగంగా పనిచేసే మరో నాలుగు జతల మీద. అవి ఫోన్ లోపల బోర్డు మీద ప్రాసెసర్ దాకా కలిపి ఉంటేనే బొమ్మ బయటికి వస్తుంది. ఈ ఏర్పాటు పేరు డిస్‌ప్లేపోర్ట్ ఆల్ట్ మోడ్. ఖర్చు తగ్గించుకోవడానికి మధ్యస్థ ధరల ఫోన్లలో ఆ జతలను కలపకుండానే వదిలేస్తారు. బయటికి పోర్టు ఒకేలా ఉంటుంది, లోపల తీగ ఉండదు. అలాంటి ఫోన్‌కు ఏ యాప్ వేసినా, ఏ సెట్టింగ్ మార్చినా ఈ పద్ధతిలో వీడియో రాదు. గూగుల్ ఫోన్ పిక్సెల్ 8 సంగతి వేరు. అందులో తీగ ముందునుంచే ఉంది, సాఫ్ట్‌వేరే మూసి ఉంచింది. 2024లో అప్‌డేట్ ఇచ్చి తెరిచారు.

సామ్‌సంగ్‌లో 2017 నాటి ఎస్8 నుంచి గెలాక్సీ ఎస్ వరుస, ఫోల్డ్ ఫోన్లు వీడియో ఇస్తాయి. ఏ, ఎం వరుసల్లో ఈ సదుపాయం దాదాపు ఉండదు. పిక్సెల్ 8 నుంచి వచ్చినవి, ఐఫోన్ 15 నుంచి వచ్చినవి ఇస్తాయి. మిగతా కంపెనీల ఫోన్లకైతే కొనేముందు స్పెసిఫికేషన్లలో ‘డిస్‌ప్లేపోర్ట్’ అన్న మాట ఉందో లేదో చూడాలి. ‘యూఎస్‌బీ టైప్-సీ 2.0’ అని మాత్రమే రాసి ఉంటే ఆశ వదులుకోవచ్చు. ఈ గుర్తుకు పేరున్న మినహాయింపు ఐఫోన్ 15. దాని డేటా వేగం యూఎస్‌బీ 2.0దే, అంటే సెకనుకు 480 మెగాబిట్లు. అయినా టీవీకి వీడియో చక్కగా పంపుతుంది. డేటా నడిచే జత వేరు, వీడియో నడిచే జతలు వేరు కాబట్టి.

అడాప్టర్లలో రెండు రకాలున్నాయి. ఒక కొస టైప్-సీ, ఇంకో కొస హెచ్‌డీఎంఐ ఉండే నేరు తీగ ఒకటి. హెచ్‌డీఎంఐతో పాటు ఛార్జింగ్ కోసం ఇంకో టైప్-సీ రంధ్రం ఉన్న చిన్న హబ్ రెండోది. రెండోదే కొనడం మంచిది. ఫోన్‌కు ఉన్నది ఒక్క పోర్టు, దాన్ని టీవీ ఆక్రమిస్తే మూడు గంటల సినిమా బ్యాటరీ మీదే నడవాలి. హబ్ మీద ‘పీడీ’ (పవర్ డెలివరీ) అని రాసి ఉండాలి, అప్పుడే ఛార్జింగ్ ఫోన్‌కు చేరుతుంది. ‘4కే 30 హెర్ట్జ్’ అని రాసినవాటి కంటే ‘60 హెర్ట్జ్’ అని రాసినవి తీసుకుంటే క్రికెట్ బంతి కుదుపు లేకుండా కనబడుతుంది. కలిపేటప్పుడు ముందు హబ్‌కు ఛార్జర్, తర్వాత హెచ్‌డీఎంఐ తీగ, చివర ఫోన్ పెట్టాలి. అప్పుడు రిమోట్‌లో సోర్స్ నొక్కి, తీగ ఏ రంధ్రంలో ఉంటే ఆ హెచ్‌డీఎంఐ నంబరు ఎంచుకోవాలి. బొమ్మ అంచులు కోసుకుపోతే టీవీ పిక్చర్ సైజులో ‘జస్ట్ స్కాన్’ లేదా ‘స్క్రీన్ ఫిట్’ పెట్టాలి. శబ్దం టీవీలో రాకపోతే ఫోన్‌కు బ్లూటూత్ ఇయర్‌ఫోన్లు గానీ స్పీకర్ గానీ కలిసి ఉందేమో చూడాలి. చాలాసార్లు దోషం అక్కడే ఉంటుంది.

లైట్నింగ్ పోర్టున్న పాత ఐఫోన్లకు ఆపిల్ సొంత డిజిటల్ ఏవీ అడాప్టర్ ఉంది. అందులో ఒక చిన్న ప్రాసెసరే ఉంటుంది. ఫోన్ బొమ్మను కుదించి పంపితే అది విప్పి టీవీకి ఇస్తుంది. చౌకగా దొరికే వేరే తీగలకు పక్కన ఉన్న యూఎస్‌బీ కొసను తప్పకుండా ఛార్జర్‌లో పెట్టాలి, ఫోన్ మీద ‘ట్రస్ట్’ అడిగితే ఒప్పుకోవాలి. ఈ రెంటిలో ఏది మరిచినా తెర నల్లగానే ఉంటుంది.

ఆల్ట్ మోడ్ లేని ఆండ్రాయిడ్ ఫోన్‌కు కూడా తీగ దారి ఒకటి మిగిలి ఉంది. అది డిస్‌ప్లేలింక్ చిప్ ఉన్న అడాప్టర్. దాని యాప్‌ను ఫోన్‌లో వేసుకోవాలి. యాప్ తెరను పట్టి, కుదించి, మామూలు డేటా జత మీదుగానే పంపుతుంది. ఫొటోలకు, క్లాసులకు, స్లైడ్లకు బాగానే ఉంటుంది. కానీ తెరను పట్టే పద్ధతి కాబట్టి కాపీ రక్షణ ఉన్న సినిమాలు ఇందులో రావు.

మాట వినబడుతుంది, బొమ్మ మాత్రం నలుపు

ఎక్కువమంది అడిగే ఫిర్యాదు ఇదే కాబట్టి విడిగా చెప్పుకోవాలి. డబ్బు కట్టి చూసే ఓటీటీ యాప్‌లు తమ వీడియో తెరను ఎవరూ పట్టుకోకూడదని ఆండ్రాయిడ్‌కు చెప్పి ఉంచుతాయి. బ్యాంకు యాప్‌లూ అదే పని చేస్తాయి. అందువల్ల మిర్రరింగ్‌లో, అంటే ఫోన్ తెరను ఉన్నదున్నట్టు టీవీకి పంపేటప్పుడు, మెనూలన్నీ కనబడి, సినిమా మొదలవగానే ఆ భాగం నల్లబడుతుంది, శబ్దం మాత్రం వస్తుంటుంది. ఫోన్ చెడిపోలేదు, టీవీ చెడిపోలేదు, దీన్ని బాగుచేసే సెట్టింగ్ కూడా లేదు.

తీగలో పరిస్థితి కొంత మెరుగు. అక్కడ హెచ్‌డీసీపీ అనే తాళం ఉంటుంది. ఫోన్, అడాప్టర్, టీవీ మూడూ ఆ తాళానికి ఒప్పుకుంటే, యాప్ కూడా బయటి తెరను అనుమతిస్తే, సినిమా వస్తుంది. 4కే నాణ్యతకు హెచ్‌డీసీపీ 2.2 కావాలి. అడాప్టర్ డబ్బా మీద ఆ మాటే లేకపోతే ఓటీటీ కోసం దాన్ని నమ్మకూడదు. ఊరికి బయల్దేరే ముందు ఓటీటీ యాప్‌లో డౌన్‌లోడ్ చేసుకున్న సినిమాలను అక్కడి టీవీలో చూడాలనుకునేవారికి నిజంగా పనికొచ్చే దారి ఈ తీగ ఒక్కటే. మిర్రరింగ్‌లో అవి నల్లబడతాయి. కాస్ట్ చేస్తే, అంటే ఫోన్ అడ్రసు మాత్రమే చెబితే, టీవీ మళ్లీ ఇంటర్నెట్ నుంచే తెచ్చుకోవాలి, ఫోన్‌లోని డౌన్‌లోడ్ దానికి అక్కరకు రాదు.

తీగ లేకుండా నేరుగా: మిరాకాస్ట్

2012లో వై-ఫై అలయన్స్ తెచ్చిన మిరాకాస్ట్ సరిగ్గా రూటర్ లేని చోటికే పుట్టింది. ఫోన్, టీవీ వై-ఫై డైరెక్ట్ పద్ధతిలో తమ మధ్యే చిన్న లంకె వేసుకుంటాయి. ఫోన్ తన తెరను హెచ్.264 వీడియోగా కుదించి పంపుతుంది, టీవీ విప్పి చూపిస్తుంది. ఫోన్‌లో వై-ఫై ఆన్‌లో ఉండాలి, ఏ నెట్‌వర్క్‌కూ కలిసి ఉండనక్కర్లేదు. మొబైల్ డేటా ఎప్పటిలా నడుస్తూనే ఉంటుంది.

పేర్లే గందరగోళం. సామ్‌సంగ్ ఫోన్లలో ‘స్మార్ట్ వ్యూ’, మిగతావాటిలో ‘కాస్ట్’, ‘స్క్రీన్‌కాస్ట్’, ‘వైర్‌లెస్ డిస్‌ప్లే’ అని రకరకాలుగా ఉంటుంది. టీవీల్లో ‘స్క్రీన్ మిర్రరింగ్’, ‘స్క్రీన్ షేర్’, ‘మిరాకాస్ట్’ అన్న యాప్ గానీ సోర్స్ గానీ వెతకాలి. కొన్ని ఫైర్ టీవీ స్టిక్కుల్లో రిమోట్ హోమ్ బటన్‌ను నొక్కిపట్టుకుంటే ‘మిర్రరింగ్’ వస్తుంది. ముందు టీవీలో ఆ పేజీ తెరిచి ఉంచి, తర్వాత ఫోన్‌లో వెతకాలి. టీవీ మీద ‘అనుమతించాలా’ అన్న ప్రశ్న కొన్ని సెకన్లే ఉంటుంది, రిమోట్ చేతిలో పట్టుకునే ఉండాలి.

రెండు రకాల ఫోన్లకు ఈ దారి మూసుకుపోయింది. ఐఫోన్‌లో మిరాకాస్ట్ లేదు. ఆపిల్ ఎయిర్‌ప్లే రూటర్ లేకుండా నేరుగా కలిసేది ఆపిల్ టీవీ పెట్టెతోనే. వేరే కంపెనీల టీవీల్లో ఎయిర్‌ప్లే ఉన్నా సాధారణంగా రెండూ ఒకే నెట్‌వర్క్‌లో ఉండాలి. గూగుల్ పిక్సెల్ ఫోన్లలోనూ మిరాకాస్ట్ లేదు. వాటిలో ‘కాస్ట్’ అని ఉన్నది వేరే పద్ధతి, దానికి నెట్‌వర్క్ కావాలి. పిక్సెల్ ఫోన్‌తో టీవీ పేరు కోసం గంటసేపు వెతికి విసిగేవారికి ఈ ఒక్క సంగతి ముందే తెలిస్తే ఆ శ్రమ తప్పుతుంది.

ఫోన్‌లో మిరాకాస్ట్ ఉండీ టీవీ పేరు జాబితాలో రాకపోతే మొదటి అనుమానం హాట్‌స్పాట్ మీద పడాలి. చాలా ఫోన్లలో హాట్‌స్పాట్, వై-ఫై డైరెక్ట్ ఒకేసారి నడవవు. హాట్‌స్పాట్ ఆపాలి, వీపీఎన్ ఆపాలి, బ్యాటరీ సేవర్ ఆపాలి. పాత ఆండ్రాయిడ్‌లో లొకేషన్ కూడా ఆన్ చేయాలి. ఒకసారి పొరపాటున టీవీలో ‘వద్దు’ నొక్కి ఉంటే టీవీ ఆ ఫోన్‌ను గుర్తుపెట్టుకుని ప్రతిసారీ తిప్పికొడుతుంది. కొత్తగా కొన్న సామ్‌సంగ్ టీవీల్లో ఎక్స్‌టర్నల్ డివైస్ మేనేజర్ కింద ఆ జాబితా ఉంటుంది, అందులోంచి ఫోన్ పేరు తీసేయాలి. ఇవన్నీ అయ్యాక కూడా కలవకపోతే టీవీని రిమోట్‌తో కాకుండా ప్లగ్ దగ్గరే ఆపి, ఒక నిమిషం ఆగి వెయ్యాలి. రిమోట్‌తో ఆపినప్పుడు టీవీ నిద్రపోతుందే తప్ప పూర్తిగా ఆగదు.

కలిసి, బొమ్మ మాత్రం ముక్కలు ముక్కలుగా వస్తుంటే కారణం గాలిలో ఉంటుంది. 2.4 గిగాహెర్ట్జ్ తరంగాల పట్టీలో (బ్యాండ్‌లో) అపార్ట్‌మెంట్‌లోని వై-ఫైలన్నీ, బ్లూటూత్, మైక్రోవేవ్ ఓవెన్ అన్నీ తోసుకుంటుంటాయి. బ్లూటూత్ ఇయర్‌ఫోన్లు, వాచీ ఆపితే తేడా వెంటనే కనబడుతుంది. బొమ్మ ఎప్పుడూ కొంచెం వెనకబడే వస్తుంది. సినిమాకు ఆ ఆలస్యం తెలియదు, గేములకు మాత్రం పనికిరాదు. ఫోన్ తెర ఆరిపోతే లంకె తెగుతుంది కాబట్టి స్క్రీన్ టైమ్‌అవుట్ పెంచాలి. నలుగురు కూర్చున్న గదిలో మిర్రరింగ్ పెట్టేటప్పుడు ‘డు నాట్ డిస్టర్బ్’ తప్పకుండా వేయాలి. వచ్చే ఓటీపీ, వాట్సాప్ సందేశం అన్నీ యాభై అంగుళాల తెర మీద పడతాయి.

హాట్‌స్పాట్: టీవీనే ఇంటర్నెట్ ఎక్కించడం

ఓటీటీ, యూట్యూబ్ చూడటమే లక్ష్యమైతే తెరను పంపడం కంటే ఫోన్ హాట్‌స్పాట్‌కు టీవీని కలిపి, టీవీలోని యాప్‌తోనే చూడటం మేలు. బొమ్మ శుభ్రంగా ఉంటుంది, నలుపు సమస్య రాదు, ఫోన్ తెర ఆరిపోయినా ఆట ఆగదు.

టీవీకి హాట్‌స్పాట్ పేరే కనబడటం లేదంటే దాదాపు ఎప్పుడూ పట్టీ తేడాయే. పాత, చౌక టీవీలకు 2.4 గిగాహెర్ట్జ్ మాత్రమే తెలుసు. కొత్త ఫోన్లు 5 గిగాహెర్ట్జ్‌లో హాట్‌స్పాట్ ఇస్తుంటాయి. హాట్‌స్పాట్ సెట్టింగుల్లో బ్యాండ్‌ను 2.4కు మార్చాలి. ఐఫోన్‌లో ‘మాక్సిమైజ్ కంపాటిబిలిటీ’ ఆన్ చేయాలి. పేరు కనబడి పాస్‌వర్డ్ దగ్గర ఆగిపోతే సెక్యూరిటీ డబ్ల్యూపీఏ3 నుంచి డబ్ల్యూపీఏ2కు మార్చాలి, కొత్త రకం తాళం పాత టీవీకి తెలియదు. ఎవరూ కలవకపోతే కొన్ని నిమిషాల్లో హాట్‌స్పాట్ దానంతటదే ఆగిపోయే సెట్టింగ్ కూడా ఉంటుంది, దాన్ని తీసేయాలి.

ఇక డేటా. నెట్‌ఫ్లిక్స్ చెప్పే లెక్క ప్రకారం గంటకు మామూలు నాణ్యతకు 1 జీబీ వరకు, హెచ్‌డీకి 3 జీబీ వరకు, 4కేకు 7 జీబీ వరకు అవుతుంది. రోజుకు 2 జీబీ ప్యాక్ మీద టీవీలో హెచ్‌డీ సినిమా పెడితే విరామం దాకా కూడా రాదు. ఆ తర్వాత వేగం 64 కేబీపీఎస్‌కు పడిపోతుంది, అందులో వీడియో నడవదు. టీవీ యాప్ పెద్ద తెర చూసి దానంతటదే ఎక్కువ నాణ్యత ఎంచుకుంటుంది, అక్కడే డేటా కరిగిపోతుంది. ప్రతి యాప్‌లో నాణ్యతను 480పీ దగ్గర కట్టేయాలి, టీవీలో ఆటో అప్‌డేట్ ఆపేయాలి. అప్‌డేట్లే కొన్ని వందల ఎంబీలు తినేస్తాయి. మిరాకాస్ట్‌లో ఈ బాధ తక్కువ. అక్కడ డేటా ఖర్చయ్యేది ఫోన్‌లో పెట్టుకున్న నాణ్యతకే. టీవీకి వెళ్లే భాగం గాలిలో నేరుగా పోతుంది, ప్యాక్‌లోంచి ఒక్క ఎంబీ కూడా తీసుకోదు.

హాట్‌స్పాట్ ఇస్తున్న ఫోన్‌లోనే కాస్ట్ గుర్తు కనబడకపోవడం ఇంకో సాధారణ సమస్య. ఇంట్లో రెండో ఫోన్‌ను కూడా అదే హాట్‌స్పాట్‌కు కలిపి, దాన్నుంచి కాస్ట్ చేస్తే సరిపోతుంది. యూట్యూబ్‌కైతే అదీ అక్కర్లేదు. టీవీ యూట్యూబ్ సెట్టింగుల్లో ‘లింక్ విత్ టీవీ కోడ్’ దగ్గర 12 అంకెల కోడ్ ఉంటుంది. దాన్ని ఫోన్ యూట్యూబ్‌లో కొడితే రెండూ వేర్వేరు నెట్‌వర్కుల్లో ఉన్నా ఫోన్ రిమోట్‌లా పనిచేస్తుంది.

మొబైల్ డేటా ఆపేసి హాట్‌స్పాట్ మాత్రం ఆన్‌లో ఉంచినా ఫోన్, టీవీ మధ్య లంకె బతికే ఉంటుంది. టీవీ ‘ఇంటర్నెట్ లేదు’ అని ఫిర్యాదు చేస్తుంది, పట్టించుకోనక్కర్లేదు. ఫోన్‌లో బబుల్‌యూపీఎన్‌పీ లాంటి యాప్‌తో ఫోన్‌లోని వీడియోలను టీవీ మీడియా ప్లేయర్‌కు అందించవచ్చు. ఆండ్రాయిడ్ టీవీ అయితే ‘సెండ్ ఫైల్స్ టు టీవీ’ యాప్ రెండు వైపులా వేసుకుని ఫైలునే టీవీలోకి పంపవచ్చు. యాప్‌లు ముందే దించుకుని ఉంటే ఒక్క ఎంబీ డేటా ఖర్చు కాదు.

పెన్‌డ్రైవ్, పాత టీవీలు

ఫోన్‌ను ఛార్జింగ్ తీగతో టీవీ యూఎస్‌బీ రంధ్రంలో పెడితే చాలాసార్లు ఛార్జింగ్ తప్ప ఏమీ జరగదు. టీవీ వెతికేది పెన్‌డ్రైవ్‌లాంటి నిల్వను. ఇప్పటి ఫోన్లు ఫైళ్లను ఎంటీపీ అనే వేరే పద్ధతిలో ఇస్తాయి. ఓటీజీ కొస ఉన్న పెన్‌డ్రైవ్‌ను ఫోన్‌లో పెట్టి, ఫైలు కాపీ చేసి, దాన్ని టీవీకి గుచ్చడమే తేలిక. పెన్‌డ్రైవ్ ఎఫ్ఏటీ32 ఫార్మాట్‌లో ఉంటే 4 జీబీ మించిన ఫైలు పట్టదు, టీవీ చదవగలిగితే ఎక్స్‌ఫ్యాట్ వాడాలి. ‘ఫార్మాట్ సపోర్ట్ లేదు’ అని వస్తే వీడియో హెచ్.265 అనే కుదింపు పద్ధతిలో తీసినది అయి ఉండవచ్చు. ఫోన్ కెమెరా సెట్టింగుల్లో ఆ ఎంపికను తీసేస్తే ఇకపై తీసే వీడియోలు ఆడతాయి. ఐఫోన్‌లో కెమెరా ఫార్మాట్‌ను ‘మోస్ట్ కంపాటిబుల్’ చేస్తే ఫొటోలు కూడా టీవీలో తెరుచుకుంటాయి.

స్మార్ట్ కాని ఎల్‌ఈడీ టీవీకి హెచ్‌డీఎంఐ రంధ్రంలో పెట్టే వైర్‌లెస్ డాంగిళ్లు దొరుకుతాయి. అవి సొంతంగా ఒక వై-ఫై పేరు, పాస్‌వర్డ్ తెర మీద చూపిస్తాయి. మాటిమాటికీ ఆగి మొదలవుతుంటే కరెంటు చాలడం లేదని అర్థం. టీవీ యూఎస్‌బీ రంధ్రం చాలాసార్లు 500 మిల్లీఆంపులే ఇస్తుంది, డాంగిల్‌కు అది చాలకపోవచ్చు. 5 వోల్టులు, 1 ఆంపు ఇచ్చే ఫోన్ ఛార్జర్‌కు దాని తీగ పెడితే చాలావరకు నిలబడుతుంది.

ఎరుపు, తెలుపు, పసుపు రంధ్రాలున్న పాత డబ్బా టీవీకి హెచ్‌డీఎంఐ నుంచి ఏవీకి మార్చే చిన్న పెట్టె కావాలి. ఏవీ నుంచి హెచ్‌డీఎంఐకి మార్చే పెట్టె కూడా చూడటానికి అచ్చం అలాగే ఉంటుంది, దిశ చూసి కొనాలి. ఒకటి రెండో పని చేయదు. దీనికీ విడిగా యూఎస్‌బీ కరెంటు పెట్టాలి. బొమ్మ వచ్చి రంగులు రాకపోతే, లేదా తెర పైకి పొర్లిపోతుంటే, పెట్టె పక్కనున్న చిన్న స్విచ్ ఎన్‌టీఎస్‌సీ వైపు ఉంటుంది. మన టీవీలు పాల్ పద్ధతివి, దాన్ని గోటితో పాల్ వైపుకు జరపాలి. సినిమా, పాటలు బాగానే కనబడతాయి. ఆన్‌లైన్ క్లాసులో టీచరు బోర్డు మీద రాసే చిన్న అక్షరాలు మాత్రం ఆ తెర మీద చదవడానికి రావు, వాటికి ఫోన్ తెరే నయం.